మొండికేసిన మీట

అపోలో బందరు మెట్ల మీద నిలబడి తూర్పుగా చూచే యాత్రికుని కంటికి మొట్టమొదట కనిపించేవి ఎలిఫెంటా దీవికి పోయే లాంచీలు. వెనుక 1924లో పూర్తయిన గేట్‌వే ఆఫ్ ఇండియా. ముందు బురదవన్నె నీరు. ఆ నీటిమీద ఒకదాని నొకటి రాచుకుంటూ, ప్రయాణికులను దించుకుంటూ, ఎక్కించుకుంటూ తిరిగే కొయ్య లాంచీలు. యాత్రికుని చూపు సాధారణంగా అక్కడే ఆగిపోతుంది. ఇంకాస్త ఆవలకు సాగితే, నీటిలో తేలే బోయాలకు కట్టివేసిన తెరచాప పడవలు కొన్ని కనిపిస్తాయి. చాపలు చుట్టబెట్టుకొని, స్తంభాలను మాత్రం నింగిలోకి చాచి, ఈ రద్దీతో తమకేమీ సంబంధం లేనట్లు అవి మెల్లగా ఊగుతూ ఉంటాయి.

సంబంధం లేకేమి! గాలిని నమ్ముకొని తిరిగే ఆ పడవలు కూడా రేవు దాటాలన్నా, తిరిగి రేవు చేరాలన్నా ఈ లాంచీల నడుమ నుండే పోవాలి. అప్పుడు వాటిని కాపాడేది తెరచాప కాదు. పడవ కడుపులో ఎవరి కంటా పడకుండా దాగిన డీజిల్ యంత్రం. ఆ యంత్రాన్ని శాసించేది చుక్కాని పక్కన నిలిచిన జానెడు మీట. అది చేతికి లొంగినంత కాలం దాని ఉనికే ఎవరికీ గుర్తుండదు. మొండికేసిన నాడు మాత్రం పడవలో దానికంటె ముఖ్యమైన వస్తువు మరొకటి లేదని తెలిసివస్తుంది.

వానాకాలపు నిద్ర

ముంబయి సముద్రానికి ఏడాదిలో రెండే కాలాలు. అక్టోబరు నుండి మే దాకా అది స్నేహితుడు; జూన్‌లో నైరుతి రుతుపవనం వచ్చిందంటే శత్రువు. పడమటి తీరంలో జూన్ 1 నుండి జూలై ఆఖరు దాకా యాంత్రిక పడవల వేట నిషిద్ధం. శ్రావణ పూర్ణిమ నాడు కోలీ బెస్తలు సముద్రునికి కొబ్బరికాయ సమర్పించి, శాంతించమని వేడుకొని, మళ్ళీ వలలు సవరించుకుంటారు. ఆ పండుగను వారు నారళీ పూర్ణిమ అంటారు.

విహారపు తెరచాప పడవలకు విశ్రాంతి అంతకంటె ఎక్కువ. వానలకు ముందే వాటిని ఒడ్డుకు లాగి, కొయ్య ఊతల మీద నిలిపి, పైన టార్పాలిన్లు కప్పుతారు. నాలుగు నెలలపాటు వాన, ఉప్పుగాలి, ఉక్కపోత వాటి చుట్టూ కాపురముంటాయి. టార్పాలిన్ వానను ఆపగలదు గాని గాలిలోని తేమను ఆపలేదు. ఇనుము తుప్పు పడుతుంది. అల్యూమినియం మీద తెల్లని పొడి పేరుకుంటుంది. గ్రీజు గట్టిపడి పాతబెల్లంలా తయారవుతుంది.

అటువంటి పడవ నొకదానిని ఊహించుకొనవచ్చు. 1980ల నాటిది, ముప్ఫై అడుగుల పొడవు, ఫైబర్‌గ్లాస్ ఒడలు. ఇద్దరు ముగ్గురు యజమానులు మారారు. దసరా దగ్గర పడుతున్నదని ప్రస్తుత యజమాని టార్పాలిన్ తొలగించి, చుక్కాని దగ్గర నిలిచి, అలవాటుగా మీట మీద చెయ్యి వేస్తాడు. అది కదలదు. రెండు చేతులతో తోస్తే సగందాకా పోయి ఆగుతుంది. ఇంకాస్త బలం పెడితే ఒక్కసారిగా వదులై చివరిదాకా దూకుతుంది. వెనక్కు లాగితే మళ్ళీ అదే తంతు.

ఒడ్డుమీద ఉన్నప్పుడు ఇది వట్టి విసుగు. నీటిమీద ఇది ప్రమాదం. పడవకు బ్రేకులు లేవు. ఆగవలసి వస్తే యంత్రాన్ని వెనుక గేరులో వేసి, నీటినే పట్టుకొని ఆగాలి. పున్నమి, అమావాస్య పోటులలో ముంబయి రేవు నీటిమట్టం కొన్నిసార్లు నాలుగు మీటర్లకు పైగా మారుతుంది. ఆ నీరంతా వచ్చేటప్పుడు, పోయేటప్పుడు పడవను పక్కకు ఈడ్చుతూనే ఉంటుంది. ఎదురుగా లాంచీ అడ్డం వచ్చిన క్షణంలో మీట సగంలో బిగిసినా కష్టమే, పట్టు తప్పి చివరిదాకా దూకినా కష్టమే.

నీటిమీద అదుపు తప్పడమంటే ఏమిటో ముంబయి రేవుకు బాగా తెలుసు. 2024 డిసెంబరు 18న ఇదే జలాలలో యంత్ర పరీక్షలు జరుపుతున్న నౌకాదళపు వేగపు పడవ ఒకటి అదుపు తప్పి, గేట్‌వే నుండి ఎలిఫెంటాకు పోతున్న ‘నీల్‌కమల్’ అనే ప్రయాణికుల పడవను ఢీకొన్నది. 15 మంది మరణించారు. యంత్రంలో తలెత్తిన లోపం వల్లనే పడవ అదుపు తప్పిందని నౌకాదళం ఆనాడు ప్రకటించింది. చిన్న తెరచాప పడవకు అంత వేగం లేదు, నిజమే. కాని రద్దీ రేవులో అందరి ప్రాణాలూ అందరి యంత్రాల మీదా ఆధారపడి ఉంటాయన్నది చిన్న పడవకూ వర్తించే సత్యం.

సముద్రం క్షమిస్తుంది, రేవు క్షమించదు

యంత్రం లేకుండా తెరచాపతోనే పోవచ్చు గదా అని పాఠకులకు సందేహం కలుగవచ్చు. దానికి సమాధానం కూడా ఈ ఊళ్ళోనే పుట్టిన ఒక పడవ చరిత్రలో ఉన్నది.

బొంబాయి టేకు పడవల కీర్తి పాతది. 1817లో ఇక్కడి వాడియాల నౌకాశాలలో టేకుతో నిర్మించిన ‘ట్రింకోమలీ’ అనే యుద్ధనౌక ఇప్పటికీ ఇంగ్లండులోని హార్ట్‌లీపూల్‌లో నీటిమీద తేలుతూనే ఉన్నది. ఆ సంప్రదాయంలోనే, 1964 డిసెంబరులో, 32 అడుగుల టేకు పడవ ఒకటి ఇక్కడ నీటికి దిగింది. రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ అనే బ్రిటిష్ నౌకాధికారి దానిని ఇక్కడి వడ్రంగుల చేత కట్టించుకున్నాడు. గల్ఫ్ జలాలలో ఆగ్నేయం నుండి వీచే గాలిని అరబ్బు నావికులు పిలిచే పేరునే దానికి పెట్టాడు: ‘సుహైలీ’.

1968 జూన్ 14న ఇంగ్లండులోని ఫాల్‌మత్ నుండి ఒంటరిగా బయలుదేరిన ఆ పడవ, ఏ రేవులోనూ ఆగకుండా భూగోళాన్ని చుట్టి, 312 రోజుల తరువాత 1969 ఏప్రిల్ 22న అదే రేవుకు తిరిగివచ్చింది. పోటీకి దిగిన తొమ్మిదిమందిలో గమ్యం చేరినవాడు ఆయన ఒక్కడే. ఏకాకిగా, ఆగకుండా ప్రపంచాన్ని చుట్టిన తొలి మానవుడు కూడా ఆయనే. ఆ ప్రయాణం మధ్యలో సుహైలీ యంత్రం బిగుసుకుపోయింది. అయినా చాపలు ఆమెను ఇంటికి చేర్చాయి.

నడిసముద్రంలో చోటు అపారం; తప్పుకు, దిద్దుబాటుకు వ్యవధి ఉంటుంది. రేవులో ఆ రెండూ ఉండవు. అక్కడ గజాల లెక్క, క్షణాల లెక్క. నడిసముద్రంలో సైతం యంత్రం పోతే పోవచ్చు గాని, చేతికీ పడవకూ మధ్య ఉండే లంకె తెగితే గడవదు. 2017 సెప్టెంబరు నుండి 2018 మే దాకా ‘తారిణి’ అనే తెరచాప పడవలో ఆరుగురు భారత నౌకాదళ మహిళాధికారులు ప్రపంచాన్ని చుట్టివచ్చారు. వారిలో హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి ఉన్నారు. దక్షిణ మహాసముద్రపు తుపానులను దాటివచ్చిన ఆ పడవ, చుక్కాని యంత్రాంగం చెడిపోవడంతో, మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌లో ఆగవలసి వచ్చింది. దానిని బాగుచేసుకున్న తరువాతనే వారు గోవాకు పయనమయ్యారు.

గంట నుండి తీగ దాకా

ఒకప్పుడు ఈ లంకె మనిషే. గోదావరి లాంచీ ఎక్కినవారికి సరంగు అంటే ఎవరో చెప్పనక్కరలేదు. కేరళలోని ప్రభుత్వ ప్రయాణిక పడవలలో స్రాంకు పైన చుక్కాని పట్టి తాడు లాగితే, కింద యంత్రం దగ్గర గంట మోగుతుంది. గంటల లెక్కను బట్టి అక్కడి డ్రైవరు గేరు మారుస్తాడు. ఒకరిది చూపు, ఒకరిది చెయ్యి; మధ్య వంతెన గంట. పెద్ద ఓడలలో ఇదే పద్ధతి ముళ్ళు, అంకెలు గల టెలిగ్రాఫ్‌గా మారింది.

ఇద్దరు ముగ్గురు మాత్రమే నడిపే చిన్న తెరచాప పడవలో గంట మోగించినా వినడానికి కింద ఎవరుంటారు? అందుచేత అక్కడ మనిషికి బదులు రెండు కేబుళ్ళు వచ్చాయి. మీట నుండి బయలుదేరి, గోడల వెనుకగా, అరల కిందుగా పాకి, ఒకటి గేర్‌బాక్సుకు, రెండవది ఇంధన పంపుకు చేరుతుంది. మీటను నిలువు స్థానం నుండి ముందుకు వంచితే, మొదటి కాస్త కదలికలో గేరు పడుతుంది. ఇంకా వంచిన కొద్దీ వేగం పెరుగుతుంది. వెనక్కు వంచితే వెనుక గేరు.

సైకిలు బ్రేకు తీగను చూడనివారుండరు. ఇదీ దాని వంశానిదే, ఒక్క తేడా. బ్రేకు తీగ లాగడమే ఎరుగును, తిరిగి రావడానికి స్ప్రింగు సాయం కావాలి. పడవ కేబుల్ లాగనూ వలె, తోయనూ వలె. అందుకే దాని లోపలి ఉక్కుతీగ లావుగా, బిరుసుగా ఉంటుంది. ప్లాస్టిక్ పూత గల గొట్టంలో ఇటూ అటూ జారుతుంది. గొట్టానికీ తీగకూ మధ్య వెంట్రుకవాసి సందు మాత్రమే ఉంటుంది. ఉప్పునీటి చుక్క ఒకటి ఆ సందులోకి దిగిందంటే, ఆరిన తరువాత ఉప్పు మిగులుతుంది. ఉప్పు వెంట తుప్పు వస్తుంది. తుప్పు ఉబ్బి సందును మూసివేస్తుంది.

ఎక్కడ బిగిసింది?

మీట బిగిసిందనగానే మనిషికి తోచే మందులు రెండు: బలం, నూనె. రెండూ తొందరపాటు మందులే. బలం పెడితే కేబుల్ చివరి కొక్కెమో, గేర్‌బాక్సు చెయ్యో వంగుతుంది. నూనె పోస్తే నాలుగు రోజులు సుఖంగా కదిలి, లోపలి దుమ్మును, మురికిని ముద్దచేసి, అయిదవనాడు మునుపటికంటె గట్టిగా పట్టుకుంటుంది. ఈ రకపు కేబుళ్ళను సాధారణంగా తయారయినప్పుడే జీవితకాలానికి సరిపడ కందెనతో మూసివేస్తారు. పై నుండి నూనె అడుగుతున్నదంటే దాని ఆయుర్దాయం ముగిసిందని గ్రహించాలి.

తెలిసిన మిస్త్రీ వచ్చి ముందుగా చేసే పని మీటను తోయడం కాదు, విడదీయడం. మీట, కేబుల్, యంత్రం ఒకదాని కొకటి కట్టుబడి ఉన్నంతసేపు దోషం ఎవరిదో తేలదు. ఉమ్మడి కుటుంబంలో తగవు తీర్చే పెద్దమనిషి ఒక్కొక్కరిని విడిగా పిలిచి అడిగినట్లు, అతడు ఒక్కొక్క భాగాన్నీ వేరుచేసి విచారిస్తాడు.

ముందు యంత్రపు గదిలోకి దూరి, కేబుల్ చివర ఉన్న కాటర్ పిన్ తీసి, గేర్‌బాక్సు చెయ్యిని విడిగా వేళ్ళతో కదుపుతాడు. ముందు గేరు, న్యూట్రల్, వెనుక గేరు మూడూ స్పష్టంగా పడితే గేర్‌బాక్సు నిర్దోషి. ఇంధన పంపు మీది చిన్న చెయ్యిదీ అదే పరీక్ష. అది పోయి, దానంతట అది వెనక్కు రావాలి. తరువాత మీట వైపు కూడా కేబుల్ విప్పి, ఒట్టి మీటను ఆడిస్తాడు. అప్పుడూ బిగువుగానే ఉంటే తప్పు మీట పెట్టెలో ఉన్నది. ఆఖరికి మిగిలిన కేబుల్‌ను చేత్తో ఇటూ అటూ తోసి చూస్తాడు. బాగున్న కేబుల్ రెండు వేళ్ళకు లొంగుతుంది. చచ్చిన కేబుల్ కరకరమంటుంది, లేదా అసలు కదలదు.

ఒక్కొక్కప్పుడు ఫలితం నవ్వు తెప్పిస్తుంది. ప్రకంపనకు వేగం తగ్గిపోకుండా మీటకు ఒరిపిడి కల్పించే మర ఒకటి పెట్టెలో ఉంటుంది. ఎప్పుడో ఎవరో దానిని మరీ బిగించి మరచిపోతారు. పావుచుట్టు వదులు చేస్తే పీడ విరగడవుతుంది. మరొకప్పుడు పెట్టె విప్పితే ఏళ్ళ నాటి గ్రీజు గట్టిపడి ఉంటుంది. దానిని కిరసనాయిలుతో కడిగి, ఇరుసులను తుడిచి, ఉప్పునీటికి ఓర్చే గ్రీజు పూస్తే చాలు.

ఈ పడవలో మాత్రం తప్పు కేబుల్‌దే అనుకుందాం. బయటికి లాగి చూస్తే కారణం కూడా దొరుకుతుంది. పాత యజమానులలో ఎవరో అర ఒకటి కొత్తగా అమర్చుతూ, దాని వెనుక కేబుల్‌ను మోచేతిలా మడిచారు. సాధారణ రకపు కేబుల్‌కు సుమారు ఎనిమిది అంగుళాల వ్యాసార్ధం కంటె ఇరుకైన వంపు పనికిరాదు. ఆ మడత దగ్గర తీగ గొట్టాన్ని ఒరుసుకొని పూత అరిగింది. అరిగిన చోట తేమ నిలిచింది. వానాకాలం మిగిలిన పని పూర్తిచేసింది. బిగిసినది ఈ ఏటి వానకే గాని, బీజం పడింది ఏళ్ళ క్రిందట.

నాగ్‌దేవి వీధిలో

ఇటువంటి అవసరాలకు ముంబయి వంటి నగరం మరొకటి లేదు. పాత కేబుల్‌ను చుట్టగా భుజాన తగిలించుకొని క్రాఫర్డ్ మార్కెట్టు సమీపాన గల నాగ్‌దేవి వీధికి పోతే, నట్లు, బోల్టులు, బేరింగులు, పనిముట్లు దుకాణాల గుమ్మాల దాకా పొంగిపొర్లుతుంటాయి. రే రోడ్డు పక్కన దారుఖానా ఉన్నది. మందుగుండు నిలువల పేరు మోసే ఆ పేట పాత ఓడలను విడగొట్టడానికి ప్రసిద్ధి చెందింది. గొలుసులు, లంగర్లు, ఇనుప తాళ్ళు అక్కడ గుట్టలు గుట్టలు. ఒక ఓడ మరణించి పది పడవలకు ప్రాణదానం చేసే చోటది.

అయితే బేరం తెలిసిన యజమాని గొలుసును పాతది కొంటాడు గాని కేబుల్‌ను పాతది కొనడు. గొలుసు అరుగుదల కంటికి కనిపిస్తుంది. కేబుల్ జబ్బు లోపల ఉంటుంది. దుకాణదారు అడిగే మొదటి ప్రశ్న పొడవు. చివరి మరల కొస నుండి కొస దాకా కొలవాలి. పాతది మడతపడి ఉన్నది గనుక, వంపును వెడల్పు చేయడానికి కాస్త పొడవైనది అడగాలి. పొట్టిది కొంటే మడత మళ్ళీ వస్తుంది. మరీ పొడవైనది కొంటే మిగిలినది ఎక్కడో చుట్ట కట్టి కొత్త బిగువు తెచ్చిపెడుతుంది. రెండు కేబుళ్ళ వయస్సు ఒక్కటే కాబట్టి, రెండింటినీ ఒకేసారి మార్చడం వివేకం.

పాత దానిని ఊరకే లాగివేయరు. దాని తోకకు గట్టి దారం కట్టి లాగుతారు. పాతది బయటికి వచ్చేసరికి దారం దాని దారిలో పడి ఉంటుంది. ఆ దారానికి కొత్త కేబుల్‌ను కట్టి వెనక్కు లాగితే, చీకటి అరల గుండా తన స్థానానికి తానే చేరుతుంది. పోయేవాడు వచ్చేవానికి దారి చూపినట్లు.

తరువాతిది ఓపిక గల పని. మీట సరిగ్గా నిలువుగా ఉన్నప్పుడు గేర్‌బాక్సు చెయ్యి సరిగ్గా న్యూట్రల్‌లో ఉండాలి. ముందుకు వంచినప్పుడూ, వెనక్కు వంచినప్పుడూ గేరు పూర్తిగా పడాలి. సగం పడిన గేరులో క్లచ్ జారి, కాలి, ఇంకా పెద్ద ఖర్చు తెస్తుంది. కొస మరల మీద కొక్కేన్ని చుట్టుచుట్టుగా జరుపుతూ ఈ మూడు స్థానాలూ కుదిరేదాకా సరిచూడాలి. కుదిరిన తరువాత లాకు నట్టు బిగించి, కొత్త కాటర్ పిన్ వేసి వంచాలి. పాత పిన్ మళ్ళీ వాడడం పిసినారితనం కాదు, సాహసం. చాలా పాత డీజిళ్ళలో యంత్రాన్ని ఆపడానికి కూడా వేరే లాగుడు కేబుల్ ఉంటుంది. దానినీ అదే పూట పరీక్షించాలి. అది బిగిసిన పడవలో బయలుదేరిన యంత్రాన్ని నిలిపే దారి చుక్కాని దగ్గర ఉండదు.

పోటు తిరిగే వేళ

దసరా నాడు ముంబయిలో బళ్ళకూ, యంత్రాలకూ బంతిపూల దండలు పడతాయి. మన ఆయుధపూజే అది. పడవలో పూజ జరిగిన మరునాడు పరీక్ష. పడవ నీటికి దిగి, బోయాకు కట్టివేసి ఉండగానే యంత్రం నడిపిస్తారు. ముందు గేరు వేస్తే వెనుక నీరు పొంగి వెనక్కు పారాలి. న్యూట్రల్‌లో పొంగు అణగాలి. వెనుక గేరు వేస్తే నురుగు పడవ పక్కలకు ముందుకు పాకాలి. మీట చెప్పే మాటను నమ్మడం కాదు, నీరు చెప్పే మాటను చూడాలి. ఒకడు యంత్రపు గదిలోకి తొంగిచూస్తూ చేతుల కదలికను గమనిస్తుండగా, ఇది పదిసార్లు చేస్తారు. ఏనాడైనా కేబుల్ తెగితే గేర్‌బాక్సు చెయ్యిని కింద నుండే ఎలా తిప్పాలో కూడా అప్పుడే అందరికీ చూపుతారు. పై నుండి కేక, కింద నుండి చెయ్యి: కేరళ పడవలోని గంట పద్ధతే అది.

ఆ పైన తాడు విప్పుతారు. పోటు తిరిగింది; నీరు దక్షిణానికి, బయటి సముద్రానికి పోతున్నది. గేట్‌వే ముందు లాంచీలు ఎప్పటివలె ముసిరి ఉన్నాయి. పడవ వాటి పక్కగా నెమ్మదిగా సాగుతుండగా, ఎలిఫెంటా నుండి తిరిగివస్తున్న లాంచీ ఒకటి, మెట్ల దగ్గర ఖాళీ చూచుకొని, హఠాత్తుగా అడ్డం తిరుగుతుంది. యజమాని చెయ్యి మీట మీదికి పోతుంది. నిలువు, వెనక్కు, కాస్త వేగం. చుక్కాని దగ్గర పెద్ద చప్పుడేమీ లేదు. వెనుక నీరు గిరగిర తిరుగుతుంది. పడవ వణికి, ఆగుతుంది. లాంచీ నాలుగు గజాల దూరాన దాటిపోతుంది.

లాంచీ పై అంతస్తులో ఉన్న యాత్రికులు ఆ సమయంలో గేట్‌వేకు ఫొటోలు తీసుకుంటూ ఉంటారు. పక్కన ఒక పాత తెరచాప పడవ తమకోసం ఆగిందని వారిలో ఎవరూ గమనించరు. యజమాని మీటను మళ్ళీ నిలువుకు తెచ్చి, ముందుకు వంచుతాడు. రెండు వేళ్ళు చాలుతాయి. దక్షిణాన దీపస్తంభం దాటిన తరువాత యంత్రం ఆపి, చాపలు ఎత్తుతారు. ఆ తరువాతి పని గాలిది.